ఎరుపు లేని చక్రాలు

రాయమల్లు సేటు ఒక్కసారి అన్నాడంటే అన్నట్టే, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చుకోడు. ఆసిఫాబాద్ అడవుల్లో కట్టె కాంట్రాక్టు చేసే ఆ మనిషికి ఉన్నట్టుండి పాత కారు మీద మోజు పుట్టింది. మిషన్ దవాఖాన వాళ్ళు ఎప్పుడో మూలకు నెట్టేసిన డాక్టరమ్మ కారును కొని, ఎడ్లను కట్టి లాగించి, మంచిర్యాల నుంచి నస్పూర్ పోయే తోవలో ఉన్న సీమోను రంగుల షెడ్డులో దింపించాడు.

"కొత్తల ఎట్లుండెనో గట్లనే గావాలె సీమోనూ. చక్రాలు మాత్రం ఎర్రగుండాలె. నిజాం జమానల నా కండ్లతోని చూసిన. మోదుగుపూల తీరు మండుతుండె."

"ఏ ఎరుపు సేటూ? ఇటుక ఎరుపా, మిరపపండు ఎరుపా?"

"ఎరుపంటే ఎరుపే! దానికి గూడ పంచాయితి పెడ్తవా?" అని సేటు విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

పంచాయితీ పెట్టకపోతే సీమోను ఎట్లవుతాడు! మంచిర్యాలలో లారీలకు రంగులేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు డబ్బా మూత తీసి కుంచె ముంచుతారు, అంతే. సీమోను అట్లా కాదు. ఏ కాలం బండికి ఏ రంగు, దాని మీద మెరుగు ఎంత, అసలు మెరుగు ఉండాలా వద్దా అని బుర్ర పాడుచేసుకుంటే తప్ప అతనికి నిద్ర పట్టదు. పైగా ఈ కారు మీద అతనికి వేరే ఆరాటం ఉంది. చిన్నప్పటినుంచీ ఉంది.

దీన్ని ఒకప్పుడు నడిపింది అతని తండ్రి పేతురే. ఒకనాడు డాక్టరమ్మ ఒక నర్సును ఆసిఫాబాద్‌లో దింపి రమ్మని పంపింది. మధ్యాహ్నానికి రావలసిన బండి పొద్దు గుంకినాక వచ్చింది. ఆలోపల ఒక రోగిని చూడటానికి బండి లేక, డాక్టరమ్మ ఎడ్లబండిలో పోవలసి వచ్చింది. మర్నాడు ఎవరో కుర్రాడు దవాఖానలో చెప్పాడు, కారు ముందు బంతిపూల దండ కట్టి ఉండగా తోవలో చూశానని. ఇంకేముంది, మిషన్ బండిని పెళ్ళి ఊరేగింపుకు తిప్పుకున్నాడని తేల్చేశారు. పేతురు అవుననలేదు, కాదనలేదు. నౌకరీ పోయింది. బొగ్గుబాయిలో చేరాడు. ఆ తర్వాత చర్చి గడప తొక్కలేదు. "పెండ్లి డ్రైవర్ కొడుకు" అని తోటి పిల్లలు సీమోనును ఏడిపించేవారు. ఆ మాట ఇప్పటికీ అతని గుండెలో ముల్లులా గుచ్చుకుంటుంది. ఆనాడు పూలదండ చూశానన్న కుర్రాడు మరెవరో కాదు, ఈ రాయమల్లే.

సీమోను ముందు నేల మీద నీళ్ళు చల్లి, గాలికి లేచే బొగ్గు దుమ్మును అణచాడు. నడిమి నుంచి అంచుకు కట్టె ఆకులు బిగించిన చక్రం అది, ఎడ్లబండి చక్రానికి పట్నపు తమ్ముడు. ఎవరికీ కనబడని లోపలి వైపు ఒక ఆకును ఎంచుకుని, గరుకు కాగితాన్ని నీటిలో తడిపి మెల్లమెల్లగా రుద్దడం మొదలుపెట్టాడు. పైన వెండి రంగు పోయింది. దాని కింద బూడిద రంగు. ఇంకా కింద చిక్కటి ఆకుపచ్చ, దాని అంచున వెంట్రుక వాసి వెన్నరంగు గీత. ఆ కింద పల్చటి తెల్లటి పూత, తర్వాత ఉత్త కట్టె. ఉల్లిగడ్డ పొరల్లాగా ఒక్కొక్క కాలం ఒక్కొక్క వలయమై కనబడింది. ఎరుపు మాత్రం నలుసంత కూడా లేదు.

అరె, ఇదేం చోద్యం! రెండో చక్రాన్ని రుద్దాడు. మూడోదీ రుద్దాడు. వెనక కట్టి ఉన్న అదనపు చక్రాన్ని కూడా వదల్లేదు. అన్నింటిదీ ఒకటే కథ. చక్రం నడిమి మూతను చింతపండుతో తోమితే నికెల్ పూత బయటపడింది. ఇప్పటి బండ్ల మూతల్లా కళ్ళు జిగేల్మనిపించే తెలుపు కాదు, కాస్త పాలమీగడ ఛాయ. ఆ మూత పక్కన ఆకుపచ్చ ఎంత నిండుగా ఉందో! ఆకుపచ్చే ఈ బండి పుట్టుక రంగు. దానిని తళతళలాడే కొత్త రంగుతో కాదు, కుంచెతో పల్చగా పూసి వార్నిష్ ఇవ్వాలి.

అంతలో సీమోనుకు మరో సంగతి తట్టింది. ఈ చక్రాలు ఎప్పుడూ ఎర్రగా లేవు. రాయమల్లు ఆనాడు దండతో చూసింది ఎర్ర చక్రాల బండిని. అంటే చూసింది వేరే బండినే! అసొంటి కార్లు ఈ తట్టున ఇంకా ఉండేవి కదా! సంతోషం ఆగక షెడ్డు వెనక ఇంట్లోకి ఒక్క ఉరుకు ఉరికాడు.

పేతురు జొన్న గటక తింటున్నాడు.

"బాపూ! రాయమల్లు చూసింది నీ బండి గాదు. చక్రాల మీద ఎరుపు లేనే లేదు. రేపు బస్తి మొత్తాన్ని పిలిచి చూపిస్త. గాడు ఒట్టి అబద్ధాలకోరని అందరి ముందట నిలవెడ్త!"

పేతురు ముద్ద గిన్నెలోనే వదిలాడు. "జర ఆగు. గాయన అబద్ధం చెప్పలే. ఆ దినం చక్రాలు ఎర్రగనే ఉండె."

సీమోను తండ్రి ఎదురుగా కూర్చున్నాడు.

"నర్సును దింపి మర్లి వస్తుంటె తొవ్వల ఒక ముసలామె బండికి అడ్డం వడ్డది. కోడలికి నొప్పులు. పిల్ల అడ్డం తిరిగిందన్నది. ఎక్కించుకున్న. సగం తొవ్వల బండిలనే కాన్పు అయింది. తల్లీ పిల్లా ఇద్దరు మంచిగున్నరు. ఇంక దవాఖానెందుకు, ఇంటికే తోల్కపో అన్నది. పోయినంక ఊరు ఊరంత వచ్చింది. అటు దిక్కు ఏ సంబురమైనా ఎర్ర గులాలే గదా, నూనెల కలిపి నాలుగు చక్రాలకు పూసిండ్రు. దండ కట్టిండ్రు. కొబ్బరికాయ నా చేతులనే పెట్టి, నువ్వే కొట్టు నాయనా అన్నది ముసలామె. కొట్టిన. దవాఖానకు వచ్చే ముందట దండ తీసి, వాగుల చక్రాలు కడిగిన."

"గిదంత ఆనాడే చెప్తే అయిపోవు గదా బాపూ!"

"చెప్తే ఏమయితుండె? మిషన్ బండికి కొబ్బరికాయ కొట్టినవా అని చర్చి సంఘం ముందట మోకాళ్ళ మీద నిలవెడ్తురు. తప్పయింది అను, అనేటోళ్ళు. నాకు తప్పనిపియ్యలేరా. అనిపియ్యని దానికి దేవుని ముందట తప్పయిందని ఎట్లంటా?"

సీమోను కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళు ఈ మనిషిని చూసి సిగ్గుపడ్డానా అని తనమీద తనకే కోపం వచ్చింది.

తెల్లారి రాయమల్లు వచ్చేసరికి చక్రాలు ఇంకా రంగులేకుండానే ఉన్నాయి. సేటు ముఖం చిట్లించేలోపే సీమోను జరిగిందంతా చెప్పాడు. ఏమీ దాచలేదు. అంత పెద్ద సేటూ షెడ్డు గుమ్మంలో ఉన్న పేతురు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"పేతురు కాకా... నా నోటి మాటకు నీ నౌకరి పోయిందా? దండ చూసిన, ఎరుపు చూసిన, పెండ్లే అనుకున్న. నేనొచ్చి ఆదివారం చర్చిల అందరి ముందట చెప్త. పెండ్లి గాదు, పురిటికి పోయిండని చెప్త. చక్రాలు గూడ నువ్వే చెప్పు, ఏ రంగెయ్యాలె?"

పేతురు చక్రం దగ్గరికి వచ్చి, రుద్దిన చోట ఆకుపచ్చ వలయం మీద బొటనవేలు పెట్టాడు.

"గీ రంగు. డాక్టరమ్మ బండిది గిదే. ఎరుపు ఆ ఒక్క దినానిది, కడిగితే పోయింది." సేటు వైపు తిరిగాడు. "చర్చిల చెప్తనంటున్నవు గదా, చెప్పు. కొబ్బరికాయ గూడ చెప్పు. అది దాస్తే నేను లోపలికి రాను."