ఇంగ్లీషులో దాచిన ఆదివారం

ఇంగ్లీషులో రాస్తే మనవాళ్లెవరికీ తెలియదనుకుంది శ్రావణి. ఆ ధైర్యం మీదనే రాసింది. కోరుట్ల పిల్ల. జగిత్యాలలో డిగ్రీ చదివి, ఎమ్మే ఇంగ్లీషు సీటు కోసం హైదరాబాదులో ఒక యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. సొంతంగా రాసిన కథ ఒకటి పంపమన్నారు, పంపింది. కథ బాగుందని ఇంటర్వ్యూకు పిలిచారు. రేపు పదకొండు గంటలకు ఆ కథనే ప్రొఫెసర్ల ముందు చదివి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. సీటు రావడమూ రాకపోవడమూ ఆ నాలుగు పేజీల మీదే ఉంది.

పొద్దున్నే హైదరాబాదు బస్సు అందుకోవచ్చని సిరిసిల్లలో మేనత్త పుష్ప ఇంట్లో దిగింది. పిల్లకు తెలివికేం తక్కువ లేదు కానీ, కథ ఎవరి మీద రాసిందో వాళ్లింట్లోనే ఆ కాగితాలతో దిగకూడదన్న పాటి ఆలోచన మాత్రం రాలేదు.

మధ్యాహ్నం మూడింటికి అత్త వాకిట్లో ఎప్పటిలాగే నలుగురు ఆడవాళ్లు చాటలు ముందేసుకుని బీడీలు చుడుతున్నారు. ఈ వాకిలికి ఒక పద్ధతి ఉంది. చేతులు పనిలో ఉంటాయి కాబట్టి చదువొచ్చిన పిల్ల ఎవరైనా పేపరో, వారపత్రికో పైకి చదవాలి. చదివే పిల్ల వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టి పెడతారు. తొమ్మిది, పది తరగతులు అత్త ఇంట్లో ఉండి చదివిన రెండేళ్లూ ఆ చదివే పిల్ల శ్రావణే.

"మా కోడలు కథ రాస్తే పట్నం సార్లు పిలిచిండ్రు," అని పుష్ప అప్పటికే వాడంతా చెప్పి ఉంది.

"గా కథేందో మాకు గూడ సదువు బిడ్డా," అంది పక్కింటి నర్సక్క.

"ఇంగ్లీషుల ఉన్నది పెద్దమ్మా."

"తెలుగుల చెప్పరాదా? గింత సదువు సదివినవ్," అంది అందరిలోకీ పెద్దదైన మొగిలవ్వ.

ఆ నాలుగు పేజీల్లో ఉన్నది పుష్పత్తే. జైపాల్ మామ మస్కట్ పోయి పదేళ్లు. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అత్త లోపలి గదిలో కూర్చుని ఫోనులో పావుగంట మాట్లాడుతుంది. తిన్నవా, పైలంగ ఉండు, జరం తగ్గిందా అని. తర్వాత బయటికొస్తే మామ ఏమన్నాడని వాకిట్లోవాళ్లు అడుగుతారు, అందరికీ చెబుతుంది. తొమ్మిదో తరగతిలో ఒక ఆదివారం శ్రావణి చెంబు కోసం ఆ గదిలోకి పోయి, అత్త చెవి దగ్గరి ఫోనులోంచి వస్తున్న గొంతు విన్నది. ఆ నంబరు ఉపయోగంలో లేదని చెప్పే రికార్డు గొంతు. అత్త మాత్రం మాట్లాడుతూనే ఉంది. ఆ సంగతి శ్రావణి ఏ ఒక్కరికీ చెప్పలేదు. ఏడేళ్ల తర్వాత ఇంగ్లీషులో రాసింది.

కోడలి కథ వినబోతున్నందుకు అత్త ముఖం వెలిగిపోతోంది. శ్రావణి కాగితాలు తీసి, అప్పటికప్పుడు కథ మార్చడం మొదలుపెట్టింది. సిరిసిల్లను మెట్‌పల్లి చేసింది, మస్కట్‌ను దుబాయ్ చేసింది, భార్యను తల్లిని చేసింది.

"మెట్‌పల్లిల ఒక ముసలామె ఉంటది. కొడుకు దుబాయ్ పోయిండు. ఆదివారం ఆదివారం ఆమె ఫోన్ చేస్తది."

చాటల మీద చేతులు నెమ్మదించాయి.

"కొడుకేమంటడు?" అని తలెత్తకుండానే అడిగింది నర్సక్క.

శ్రావణి కాగితం వైపే చూస్తూ కల్పించింది. "క్రిస్మస్‌కు వస్తనంటడు. వచ్చిండు గూడ."

సుఖంగా ముగిస్తే మెచ్చుకుంటారనుకుంది. ఒక్కరూ మెచ్చుకోలేదు. మొగిలవ్వ పుష్ప వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

"కాయితం మీద గట్ల లేదు," అంది పుష్ప. గొంతు మామూలుగానే ఉంది. "రెండేండ్లు నువ్వు సదువంగ ఇన్నదాన్ని. సదివేటప్పుడు నీ కండ్లు కదులుతయి. ఇప్పుడు కదుల్తలేవు. ఉన్నదున్నట్టు సదువు."

"వద్దత్తా."

"రేపు సార్ల ముందర సదువుతవు గద. మేమేం పాపం చేసినం?"

శ్రావణి చదివింది. ఇంగ్లీషులో ఎంతో నాజూగ్గా కుదిరాయనుకున్న వాక్యాలు తెలుగులోకి రాగానే మొరటుగా తయారయ్యాయి. "గా నంబరు పనిచేస్తలేదని ఫోన్ల ఆడామె చెప్తనే ఉన్నది. ఈమె జరం తగ్గిందా అని అడుగుతనే ఉన్నది," అన్నచోట కాగితాలు మడిచేద్దామనుకుంది. అయినా ఆపలేదు. సగంలో ఆపడం ఇంకా అన్యాయమనిపించింది.

అత్త లేచి లోపలికి పోతుందనుకుంది. పోలేదు.

"మాకెరుకే పుష్పా," అంది మొగిలవ్వ. "మస్తు ఏండ్లాయె. కిటికీ పక్కపొంటి పోతుంటె గా ఆడామె మాట మాకు గూడ ఇనవడ్డది."

"ఎరుకుండే అడిగిండ్రా, వారం వారం?" అంది పుష్ప.

"నువ్వు చెప్తుంటె మంచిగుండె." నర్సక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇగ వచ్చే ఆదివారం నిన్ను ఏమని అడగాలె?"

శ్రావణికి సిగ్గుతో ఒళ్లంతా మండింది. సంగతి తనొక్కదానికే తెలుసనుకుంది. ఏడేళ్లుగా కడుపులో పెట్టుకుని అత్త పరువు కాపాడుతున్నానని లోలోపల గర్వపడింది కూడా. కాపాడింది ఈ వాకిలి. బయటపెట్టింది తను.

"రేపు నేను పోనత్తా. గీ కథ ఎక్కడా సదువ. కోరుట్లకు వాపస్ పోత."

పుష్ప ఆకులో తంబాకు పోసి చుట్టింది. దారం కట్టి, మూతి మడిచి, చాటలో పెట్టింది. అప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నన్నడిగి రాసినవా, ఇప్పుడు నా కోసం ఆపనీకి? పొద్దుగాల ఫస్ట్ బస్సుకే పో. నాలుగు కాయితాలు సదువు, ఒక్క ముక్క గూడ ఇడువకు. సీటు తెచ్చుకో. లేకుంటె నా పరువు ఉత్తగనే పోయినట్టయితది."