నైట్ డ్యూటీ ఇంట్లో ఇంటర్వ్యూ

గోల్‌మురి రేకుల మిల్లు క్వార్టర్లలో నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకుంటే ఇల్లంతా గొంతు తగ్గించేస్తుంది. కుక్కర్ పొయ్యెక్కదు, మిక్సీ తిరగదు, సంసారమంతా సైగలతోనే నడుస్తుంది. పెళ్లయి పన్నెండు రోజులైన తనూజ ఈ పద్ధతిని ముచ్చటపడి నేర్చుకుంది. భర్త అమర్ నిద్రపోతుంటే చూస్తూ కూర్చోవడం కూడా ఆమెకో సరదా.

ఆ గురువారం మాత్రం అతని మంచం ఎదురుగానే లాప్‌టాప్ పెట్టుకుని ఇంటర్వ్యూకి కూర్చుంది. వంటింట్లో నెట్ అందదు మరి. ఇంటినుంచే చేసుకునే ఉద్యోగం. వస్తే ఇక్కడే ఉండిపోవచ్చు. రాకపోతే సోమవారం బెంగళూరు రైలెక్కి పాత ఉద్యోగానికి పోవాలి.

పదకొండుకి రావలసిన పెద్దమనిషి పన్నెండున్నరకి తెరమీద కనబడ్డాడు. ఆలస్యం ఊసే ఎత్తలేదు. కళ్లముందు కాగితంలో ఉన్న పేరే మళ్లీ అడిగాడు. చెప్పింది. వినబడలేదన్నాడు. ఆమె మైకు దగ్గరికి వంగి ఇంకా మెల్లగా చెప్పింది. డేటాబేసుల మీద అడిగిన నాలుగు ప్రశ్నలకీ సరైన జవాబులే గుసగుసగా చెప్పింది. అతను మొహం చిట్లించి, గదిలో ఇంకెవరున్నారు, లాప్‌టాప్ తిప్పి చూపించమన్నాడు.

తిప్పింది. మంచం మీద లుంగీలో అమర్, గోడవైపు తిరిగి.

జవాబులు అందిస్తున్నది ఈయనేనా అన్నాడు. ఆయన రేకుల మిల్లులో పనిచేస్తారని, డేటాబేస్ ఊసే తెలియదని తనూజ గుసగుసగానే మొరపెట్టుకుంది. ఆత్మవిశ్వాసం లేదని రాసుకుంటున్నది పైకే చదివి, అతను మాయమయ్యాడు.

లాప్‌టాప్ ఠపీమని మూసి, ఆ చప్పుడుకి తానే ఉలిక్కిపడింది.

"కాస్త గట్టిగా చెప్పలేకపోనావేటి?" కళ్లు మూసుకునే అన్నాడు అమర్.

"మెలకువగానే ఉన్నావా?"

"మొదట్నుంచీ. కదిలితే నీ ఇంటర్వ్యూ పాడైపోద్దని కదల్లేదు."

"మరి నేనెవరి నిద్దర కోసం గుసగుసలాడినట్టు?"

"మిల్లు మోతలో కునుకు తీసే మనిషిని. ఎంత చప్పుడైనా నిద్దరోతాను. కొత్త పెళ్లాం గుసగుసలాడతంటే నిద్దరెలా పడతాది?"

ఏడుపొచ్చేంత కోపం, దాని మధ్యలో పాడు నవ్వు. అతని మీదికి దిండు విసిరి తనూజ వంటింట్లోకి పోయింది. అత్త దాలమ్మ చేతులూపి వారిస్తున్నా వినకుండా కుక్కర్ పెట్టేసింది.

మూడో విజిల్‌కి గురక మొదలైంది. తనూజ గుమ్మంలో నిలబడి వింది. సోమవారం రైలుకి ఇంకా నాలుగు రోజులుంది. రోజూ కుక్కర్ పెట్టొచ్చు.