గుజ్జు ఫ్యాక్టరీ ఎవరిది

కార్వేటినగరం దగ్గర మామిడితోట ఉన్న చెంగయ్య, చుట్టుపక్కల రైతులతో కలిసి షేర్లు కొని నిలబెట్టుకున్న గుజ్జు ఫ్యాక్టరీ అది. రెండు వేల సంవత్సరం కాపు కాలంలో బొంబాయి కంపెనీ ఒకటి ఆ షేర్లు మంచి ధరకు కొంటామని పేపర్లో ప్రకటించింది. ఫ్యాక్టరీ పరాయివాళ్ల చేతికి పోతే కాయకు వాళ్లు చెప్పిందే ధర అవుతుందని చెంగయ్యకు భయం పట్టుకుంది. స్నేహితుడు ఖాదర్ బాషాను తోడు తీసుకుని, చిత్తూరు కలెక్టరాఫీసు ముందు రైతులను కూర్చోబెట్టాడు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం దిగివచ్చింది. తన అనుమతి లేకుండా ఇలాంటి కంపెనీలను బయటివాళ్లు కొనకూడదని ఆర్డినెన్సు తెచ్చింది. ఆ రోజు చెంగయ్యను ఊరేగించారు.

కంపెనీ కేసు వేస్తే, తోటలు పూతకు రాకముందే హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టేసింది. షేర్ల కొనుగోలుకు కంపెనీ మళ్లీ గడువిచ్చింది.

ఏం జరిగిందో అర్థం కాక చెంగయ్య తిరుపతిలో లాయరు గిరిప్రసాద్ దగ్గరికి వెళ్లాడు. కంపెనీలు, షేర్ల వ్యవహారం రాజ్యాంగం కేంద్రానికి అప్పగించిందట; అందులో చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదట.

"తోట ఈడే ఉండాది, ఫ్యాక్టరీ ఈడే ఉండాది. షేరు మాత్రం ఢిల్లీదెట్లయింది సార్?"

"తోట మీద రాష్ట్రం చట్టం చెయ్యొచ్చు చెంగయ్యా. షేరు మీద కుదరదు."

"అయితే కోర్టు మాకు న్యాయం చేసినట్టా, అన్యాయం చేసినట్టా?"

"అమ్మాలా వద్దా అన్నది ఇప్పుడు నీ ఇష్టం. అంతే."

ఆ ఇష్టమేమిటో చెంగయ్యకే తెలియలేదు. గడువు చివరి రోజున షేరు పత్రాలు తీసుకుని, కంపెనీ తరఫున వాటిని కొంటున్న తిరుపతి బ్యాంకుకు వెళ్లాడు. వరుసలో ఖాదర్ బాషా నిలబడి ఉన్నాడు.

"తప్పుగా అనుకోవద్దు అన్నా," అన్నాడు బాషా. "మా పాప షబ్రీన్‌ను మెడికల్ కాలేజీలో చేర్చాల."

చెంగయ్యకు కోపం రాలేదు. తన ఆర్డినెన్సు నిలిచి ఉంటే బాషాకు ఈ దారి మూసుకుపోయేదని అప్పుడే తట్టింది. బాషా వెనకే నిలబడ్డాడు. తన వంతు వచ్చాక సగం షేర్లు అమ్మేశాడు.

"సగమేంది?" అని భార్య సిద్ధమ్మ అడిగితే మిగిలిన పత్రాలు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

మరుసటి కాపుకు కాయలు తోలుకుని వెళితే గేటు మీద కొత్త పేరుంది. ధర తగ్గలేదు, పెరగనూ లేదు. ఇందుకా ఎండలో అన్నాళ్లు కూర్చున్నది అనుకున్నాడు. కూర్చోకుంటే తగ్గించేవాళ్లేమో అనీ అనుకున్నాడు.