మూడు దారుల్లో వచ్చిన ప్రశ్న

పెంపుడు జంతువుల ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చునే ఆవిణ్ణి నలభై దాటినా అందరూ చిట్టి అనే పిలుస్తారు. జనం ఒకరు వాట్సాప్‌లో, ఒకరు ఈమెయిల్లో, ఒకరు వెబ్‌సైటులో కబురు పెట్టడం, వాటిలో ఏదో ఒకటి కంటపడకపోవడం, తిట్లు మాత్రం చిట్టికి పడడం మామూలైపోయింది. సెలవురోజుల్లో వచ్చినవాటికైతే యంత్రమే ఏదో జవాబు పడేసి చేతులు దులుపుకునేది. విసిగిపోయిన డాక్టరుగారు అన్నీ ఒకేచోట కనబడే సాఫ్ట్‌వేర్ తెప్పించారు.

పాతవన్నీ అందులోకి చేర్చే పని చిట్టిదే. ఒకే మనిషి రెండు మూడు దారుల్లో రాసుంటే ఆ సాఫ్ట్‌వేరే పట్టేసి, "కలపమంటారా?" అని అడుగుతుంది. పిల్లి వాంతులావిణ్ణి కలిపింది. కుంటికుక్క మాస్టారిని కలిపింది. ఆ తర్వాత తెర మీద కనబడ్డ నంబరు చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

అక్కది.

అమ్మ పోయిన రోజు, "ఇప్పుడా రావడం?" అని అందరి ముందూ అక్కను కడిగేసింది చిట్టి. అక్క నోరు విప్పకుండా వెళ్ళిపోయింది. ఆ ఉడుకులోనే చిట్టి ఆమె నంబరు బ్లాక్ చేసింది. ఆరేళ్ళు. కోపం ఏనాడో చల్లారింది. ముందు ఎవరు పలకరించాలన్న పంతమే మిగిలింది.

కలపమని నొక్కింది.

ఐదేళ్ళ కిందట, వెబ్‌సైటులో: "అక్కడ మా చెల్లెలు పనిచేస్తుంది. బాగుందా?" కింద యంత్రం జవాబు: "మీ పెంపుడు జంతువు వయసు తెలపండి."

రెండేళ్ళ తర్వాత, వాట్సాప్‌లో: "చలికాలం తనకి ఆయాసం వస్తుంది. కాస్త కనిపెట్టి ఉండండి." జవాబు: "మా పనివేళలు తొమ్మిది నుంచి ఆరు."

నిరుడు, ఈమెయిల్లో: "ఆ రోజు మా బస్సు దారిలో ఆగిపోయింది. చెప్పుకునే వ్యవధి లేకపోయింది. ఈ మాట తనకి చెప్పగలరా?"

దానికి ఏ జవాబూ లేదు.

"ఏమ్మా, అలా అయిపోయావేం?" అన్నారు డాక్టరుగారు.

"ఒక మనిషికి జవాబివ్వాలండీ. చాలా ఆలస్యమైపోయింది."

ఆసుపత్రి సెల్‌ఫోను పట్టుకుని మందుల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నాలుగో రింగుకి ఎత్తారు.

"ఎవరూ?"

"నీకు అచ్చం అమ్మ గొంతు వచ్చేసిందే అక్కా," అంది చిట్టి.

"ఏదీ, ఇంకోసారి పిలువు," అంది అక్క.

చిట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. బయట ఏదో కుక్క మొరుగుతూనే ఉంది. బల్ల మీద కబుర్లు వచ్చి పడుతూనే ఉన్నాయి. ఆ పూటకి వాటి సంగతి డాక్టరుగారే చూసుకున్నారు.