వెనక తలుపు తాళం

డయాలిసిస్ గదిలో మూడో మంచం మీదికి వచ్చిన కొత్త రోగిని చూడగానే టెక్నీషియన్ చేతులు చల్లబడ్డాయి.

వేరే ఆసుపత్రి నుంచి మారి వచ్చిన మనిషి. అరవై దాటి ఉంటాయి. మొహమంతా ఉబ్బిపోయింది. అయినా ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన ఆ పాత మచ్చ, మాట్లాడే ముందు గొంతు సవరించుకునే ఆ తీరు చూశాక పొరబడే వీల్లేదు. ఆమె నాన్నకు తోడబుట్టినవాడు. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళింట్లో ఎవరూ బాబాయి అనలేదు. తప్పనిసరైతే "ఆ మనిషి" అనేవారు.

ఆమెకు నాలుగేళ్ళప్పుడు అన్నదమ్ములిద్దరూ నడిపే అచ్చాఫీసు తగలబడింది. తమ్ముడు ముందు గదిలోంచి బయటపడ్డాడు. అన్న వెనక తలుపు దగ్గర శవమై దొరికాడు. ఆ తలుపుకి బయటినుంచి తాళం వేసి పారిపోయింది ఆ మనిషేనని అమ్మ చెప్పేది, మేనమామలు చెప్పేవారు. ఆమె కూడా చెప్పేది, కళ్ళారా చూసింది గనక. సిరా మరకల చెయ్యి తాళంచెవి తిప్పడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. కనిపించినప్పుడల్లా అరచేతులు చెమరుస్తాయి, గుండె దడదడలాడుతుంది. ఒళ్ళే సాక్ష్యం చెబుతుంటే ఇక అనుమానం దేనికి?

'ఈయన్ని ఇంకెవరికైనా అప్పగించండి' అని హెడ్ నర్సుతో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదో ఆలోచించడానికి కూడా భయమేసింది.

ఆయన చెయ్యి చాపాడు. ఉబ్బిన నరం మీద వేళ్ళు పెడితే లోపల రక్తం జుమ్మని కొట్టుకుంటోంది. రెండు సూదులూ ఎక్కించింది.

"తేలిక చెయ్యమ్మా నీది" అన్నాడాయన.

ఆమె గొట్టాలు కలిపి మీట నొక్కింది. యంత్రం తిరగడం మొదలైంది.

రెండు గంటలయ్యాక ఆయన ఆవులించాడు. వెంటనే మళ్ళీ ఆవులించాడు. బీపీ పడిపోయే ముందు అలాగే ఆవులిస్తారని పన్నెండేళ్ళ అనుభవంలో ఆమెకు తెలుసు. తెర మీద అంకె తొంభై చూపించింది. తర్వాత డెబ్బై. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యాల్సింది చాలా చిన్న పని. నీరు లాగడం ఆపాలి, మంచం తలవైపు దించాలి, సెలైన్ వదలాలి. పది సెకన్లు చాలు.

ఆమె నిలబడి చూస్తోంది. కళ్ళముందు తాళంచెవి తిరుగుతోంది.

యంత్రం కూత పెట్టింది. "అమ్మాయ్, ఆ పెద్దాయన తల వాల్చేశాడు చూడు" అని పక్క మంచం ముసలావిడ అరిచింది. అప్పుడు కదిలాయి చేతులు. మంచం దించింది, సెలైన్ వదిలింది, ఆయన చెంపలు తట్టింది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరిచాడు.

"చూస్తూ ఆగావు కదూ, పిచ్చుకా."

ఆ ముద్దుపేరుతో ఆమెను ఎవరైనా పిలిచి ముప్ఫై ఏళ్ళయింది.

"తెలుసా నీకు, నేనెవరో?"

"పెదవి కొరుక్కోవడం చూసి పోల్చుకున్నాను. మా అన్నయ్యదే ఆ అలవాటు."

"తెలిసే చెయ్యి చాపావా?"

"ఎవరి చేతిలో పోతే ఏం? ఆ తాళం వేసింది నేనే. వేసినట్టు గుర్తుండేది కాదు మొదట్లో. పెరట్లోకి వెళ్ళనేలేదని వాదించాను కూడా. ఊరంతా అంటుంటే, నువ్వు చూశావని చెబుతుంటే, మెల్లగా గుర్తొచ్చింది. తాళంచెవి వేడి ఇదిగో, ఈ వేళ్ళకి ఇంకా తెలుస్తుంది."

ఆమెకు ఏదో తేడాగా తోచింది. మొదట్లో గుర్తులేనిది తర్వాత గుర్తు రావడమేమిటి?

మధ్యాహ్నం మెట్ల దగ్గర నిలబడి అమ్మకు ఫోన్ చేసింది. సంగతేమీ చెప్పలేదు. "అచ్చాఫీసు వెనక తలుపు తాళం ఎలా ఉండేదమ్మా?" అని మాత్రం అడిగింది.

"తాళమెక్కడిదే? లోపలి గడియేగా. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోయేది. మీ నాన్న రోజూ విసుక్కునేవాడు..." అమ్మ గొంతు అక్కడే ఆగిపోయింది.

"మరి తాళం వేశాడని ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు. బాబాయి తాళం వేశాడని ఏడ్చావు. పసిపిల్ల అబద్ధమెందుకు చెబుతుంది అనుకున్నాం."

"కానీ నాకు ఆ మాట ముందు నువ్వు చెప్పినట్టే గుర్తు."

"ఎవరో ఒకరు చేసి ఉండాలిగా" అంది అమ్మ. "ఊరికే పోయాడంటే నేను తట్టుకోలేకపోయేదాన్ని."

ఫోన్ పెట్టేశాక ఆమె మెట్ల మీద కూలబడింది. కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యి మళ్ళీ కనిపించింది, అంతే స్పష్టంగా. అరచేతులు మళ్ళీ చెమర్చాయి. భయం నిజమైనదే. కానీ ఆ భయానికి తాళంచెవిని ఎవరు అందించారో ఇక తేలేది కాదు.

రెండు రోజుల తర్వాత ఆయన మళ్ళీ వచ్చాడు. సూదులు ఎక్కిస్తూనే చెప్పేసింది. "ఆ తలుపుకి తాళమే లేదు బాబాయ్. లోపల గడియ బిగుసుకుంది. నువ్వేం చెయ్యలేదు."

ఆయన జాలిగా నవ్వాడు. "నా మీద దయ కొద్దీ అంటున్నావు."

"అమ్మ చెప్పింది."

"వదినకి గుర్తులేదేమో. నాకు బాగా గుర్తుంది కదా."

ఎంత చెప్పినా వినలేదు. తన వేళ్ళకేసి చూసుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

పది గంటలప్పుడు తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. అమ్మ. ఆయన ఇక్కడున్న సంగతి ముందురాత్రే కూతురు చెప్పింది. ఆవిణ్ణి చూడగానే ఆయన లేవబోయాడు.

"కదలకు, సూదులున్నాయి" అని ఆమె ఆయన భుజం పట్టి ఆపింది.

అమ్మ మంచం దాకా వచ్చింది. మరిది మొహంలోకి చూడలేక గొట్టాల్లో తిరిగే రక్తాన్నే చూసింది.

"ఎంతసేపు పడుతుందే ఇది?"

"నాలుగు గంటలు."

అమ్మ గోడ పక్కనున్న స్టూలు లాక్కుంది. "కూర్చుంటాను" అంది.