పాత సొట్ట

ఆ శనివారం నేను బహదూర్‌పురాలోని ఆండాలు టెంట్ హౌస్‌కి పోట్లాడటానికే వెళ్ళాను. దారి పొడుగునా మాటలు పదును పెట్టుకుంటూ మరీ వెళ్ళాను. జల్‌పల్లిలో కట్టుకున్న మా ఇంటి గృహప్రవేశానికి ఆవిడ దగ్గరే కుర్చీలు, వంటపాత్రలు అద్దెకు తెచ్చాం. తిరిగి ఇస్తే పెద్ద గుండిగకు అరచెయ్యంత సొట్ట పడిందని, రెండు వేలు కట్టి నా ఆధార్ కార్డు తీసుకెళ్ళమని కబురు పంపింది. కార్డు తాకట్టు పెట్టుకుని సామాను ఇవ్వడం ఆ వీధిలో మామూలే. కానీ ఆ సొట్ట మాది కాదు. మా వంటాయన ఒట్టేసి చెప్పాడు. ఒట్లు వేస్తే గుండిగలు నునుపవుతాయా?

ట్రెజరీ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఇతరుల బిల్లులకు కొర్రీలు వేసే ఉద్యోగం నాది. నాకే కొర్రీ వేస్తే ఊరుకుంటానా? వెళ్ళగానే గుండిగ చూపించమన్నాను. గుమ్మం పక్కనే బోర్లించి ఉంది. సొట్ట నిజమే.

"మా ఆఫీసు దగ్గర సొట్టలు తీసేవాడున్నాడండీ. ఆటోలో వేసుకెళ్ళి నేనే బాగు చేయించి తెస్తాను. మీకు నష్టం ఉండదు" అన్నాను.

"వద్దు మేడం. మా మనిషి వేరే ఉన్నడు. పైసలియ్యుండ్రి, కార్డు తీస్కపోండ్రి" అంది ఆండాలు.

యాభై దాటిన మనిషి. కూర్చున్న కుర్చీ కదలదు, మాట అసలే కదలదు. బల్ల మీద ఆవిడ ముందున్న బిస్కెట్ల రేకు డబ్బాలో నా కార్డు ఉంది. నేను రెండో విడత యుద్ధానికి గొంతు సవరించుకుంటూ ఉండగా ఆవిడ ఫోన్ మోగింది. వీడియో కాల్.

ఆవిడ భర్త ఈశ్వరయ్య. టెంట్లు వేసే పని ఆయనది, కొట్టు ఆవిడది. ఉస్మాన్‌గంజ్‌లో వీళ్ళకు టెంటు గుడ్డ అమ్మే టోకు వ్యాపారి ఈ ఏడు బాగా సరుకు కొన్నవాళ్ళని నాలుగు రోజులు థాయిలాండ్ పంపాడట. ఆ గుంపుతో ఫుకెట్ వెళ్ళాడు. ఈరోజే తిరుగు ప్రయాణం. తెర మీద ఆయన ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

"ఆండాలూ, ఫసాయించిండే నన్ను" అన్నాడు.

సంగతేమిటంటే, నిన్న ఆయన సముద్రం ఒడ్డున ఒక దుకాణంలో స్కూటర్ అద్దెకు తీసుకున్నాడు. ఇప్పుడు తిరిగి ఇవ్వబోతే, పక్కన గీత పడింది, మడ్‌గార్డ్ సొట్టపోయింది, పద్దెనిమిది వేల బాట్లు కట్టమంటున్నాడు దుకాణంవాడు. మన లెక్కన యాభై వేలకు దగ్గర. కట్టేదాకా పాస్‌పోర్టు ఇవ్వడట.

"పాస్‌పోర్ట్ గాని చేతిల ఎందుకు పెట్టినవయ్యా?" అని అరిచింది ఆండాలు.

"అడిగిండు, పెట్టిన. మనం పెట్టుకుంటలేమా కార్డులు? దుకాణమన్నాక గట్లనే ఉంటదనుకున్న." ఆయన చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "హోటల్ కాడ బస్సు ఇంకో ముప్పావు గంటల పోతది. టూరు మేనేజర్ ఫోన్ ఎత్తుతలేడు. నా జేబుల రెండు వేల బాట్లే ఉన్నయ్. పాస్‌పోర్ట్ లేకపోతే ఇమానం ఎక్కనియ్యరటనే. నేను ఈడ ఒక్కన్నే ఏం చెయ్యాలె?"

దాచుకోవడం దేనికి, నాకు లోలోపల కాస్త సంతోషమే కలిగింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు అనుకున్నాను. కానీ తెరలో ఆయన కళ్ళు చూశాక ఆ సంతోషం నిలవలేదు. జాతరలో తప్పిపోయిన పిల్లాడు చూసినట్టు అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఫోన్‌పే చేస్తే గానికి పోతదా మేడం?" అని నన్నే అడిగింది ఆండాలు.

"డబ్బు పంపకండి. ముందు వాడితో మాట్లాడాలి."

"ఆయనకు ఉర్దూ తప్ప ఇంగ్లీష్ రాదు. మీరు జర మాట్లాడుండ్రి మేడం. మీ కాళ్ళు మొక్కుత."

ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతల టోపీ పెట్టుకున్న సన్నటి మనిషి బబుల్‌గమ్ నములుతూ కనిపించాడు. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు. బండి ఇచ్చేముందు తీసిన ఫోటోలు చూపించమన్నాను. ఫోటోలు లేవు, తన బళ్ళు తనకు తెలుసు అన్నాడు. ఈశ్వరయ్య కూడా తియ్యలేదు. నాలుగు ఫోటోలు తీసుకుని ఉంటే ఈ గొడవే లేదు. పాస్‌పోర్టు అసలుది ఇవ్వకుండా జిరాక్సు కాగితం ఇచ్చి ఉంటే అంతకన్నా లేదు. కానీ అప్పుడు ఆ మాట అనడం పుండు మీద కారం చల్లడమే.

ఆండాలు నా భుజం మీదుగా తెరలోకి వంగింది.

"ఏమయ్యా, గా గీత కాడికి ఫోన్ పెట్టు. ఇంకా దగ్గర. ఇప్పుడు వేలు తడి చేసి గీత లోపల రుద్దు."

ఈశ్వరయ్య రుద్దాడు. వేలికి ఇటుక రంగు మరక అంటింది.

"చూసిండ్రా మేడం? తుప్పు. నిన్న పడ్డ గీతల తుప్పెట్ల వస్తది? కొత్త గీత తళతళ మెరుస్తది, అంచు వేలికి గుచ్చుకుంటది. గిది నున్నగున్నది. చెప్పుండ్రి గానికి."

చెప్పాను. సముద్రపు గాలికి ఒక్క రాత్రిలో తుప్పు పడుతుందని వాడు నవ్వాడు. ఇదేదో నిజమేనేమో అని నాకే ఒక క్షణం అనుమానం వచ్చింది. నేను మాటల కోసం తడుముకుంటుంటే వాడు బల్ల మీది తాళంచెవులు తీసుకుని లేచాడు. భోజనానికి వెళ్తున్నాడట. డబ్బు ఉంటే ఇప్పుడే ఇవ్వాలి, లేకపోతే సాయంత్రం రావాలి.

"ఏమంటుండు? ఏమంటుండు మేడం?" అని ఈశ్వరయ్య అరుస్తున్నాడు. చెప్పాను. "సాయంత్రమా? గప్పటికి బస్సు పోతదమ్మా!" అని ఆయన వాడి చొక్కా పట్టుకోబోయాడు. నేను వద్దు వద్దని అరిచాను. అద్దె గిన్నెల మీద పోట్లాటకు వచ్చినదాన్ని, ఎవరి మొగుణ్ణో దేశం కాని దేశంలో కాపాడే పని నా నెత్తిన పడింది.

ఆండాలు తెర వైపు కాకుండా నా వైపు చూసింది. ఏదో చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు ఉంది.

"మేడం" అంది చివరికి, "బండి బాగు చేయిద్దాం పా అనుండ్రి. ఇప్పుడే. మెకానిక్ కాడికే పోదాం, ఎంతయితే గంత మెకానిక్ చేతులనే పెడ్తమనుండ్రి."

"దానికి వాడు ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోడు."

"ఎందుకు ఒప్పుకోడు?"

ఆవిడ తల దించుకుంది. "బాగు చేపిస్తే రేపొచ్చినోనికి ఏం చూపిస్తడు?"

గుమ్మం పక్కన గుండిగ బోర్లించి ఉంది. పావుగంట క్రితం నేను ఇదే మాట అన్నాను. నేనే బాగు చేయించి తెస్తాను, మీకు నష్టం ఉండదు అన్నాను. వద్దు మేడం అంది. ఆ సొట్టలోకి ఇప్పుడు చూస్తే, ఎన్ని వంటల మసో, ఎన్నిసార్లు తోమినా పోని నలుపు పేరుకుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అవతల ఈశ్వరయ్య "మేడం, మేడం" అంటున్నాడు.

"తర్వాత నన్ను ఎంతన్నా తిట్టుండ్రి. చెప్పుతోటి కొట్టుండ్రి. ముందుగాల గా మాట గానికి చెప్పుండ్రి" అంది ఆండాలు.

చెప్పాను. నా గొంతులో ఉన్న కోపం అంతా వాడికే తగిలిందేమో, గుమ్మం దాటబోతున్నవాడు ఆగాడు. మెకానిక్ సెలవులో ఉన్నాడన్నాడు. ఫరవాలేదు, వేరే మెకానిక్‌ని చూస్తాం, డబ్బు మొత్తం మేమే కడతాం అన్నాను. తన బండిని ఇంకొకరు ముట్టుకోకూడదన్నాడు. అయితే టూరిస్టు పోలీసులు వచ్చి చూస్తారు, ఫోన్ చేస్తున్నాం అన్నాను. ఈ గొడవంతా నడుస్తుండగానే నా ఫోన్‌లో ఆ నంబరు వెతికి పెట్టుకున్నాను, 1155. వాడు నమలడం మానేసి ఫోన్ వైపు చెయ్యి చాపాడు. తెర నల్లబడింది.

ఆండాలు తిరిగి కొట్టింది. కలవలేదు. మళ్ళీ కొట్టింది. బయట ఎవరో కొట్టు ముందున్న ట్రాలీ అడ్డం తియ్యమని హారన్ కొడుతున్నారు, ఇద్దరం లేవలేదు. "గాయనకు తిక్క మేడం, చెయ్యెత్తుతడు. గాళ్ళేమన్న చేస్తే?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ మీద నాకు కోపం పోలేదు. అయినా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆ రెండు నిమిషాలు నేను కూడా మనసులో దేవుడికి దండాలు పెట్టాను.

ఫోన్ మోగింది.

"ఏం గాలేదు, సిగ్నల్ పోయింది. తొమ్మిది వేలకు దిగిండే. హోటల్‌కు ఉరికి ఎవరినన్న అడిగి తెచ్చియ్యనా?"

"ఒక్క పైస ఇయ్యకు" అంది ఆండాలు. గొంతు మళ్ళీ గట్టిపడింది. "నిజంగ నష్టమైనోడు సగానికి దిగడు. మేడం చెప్పిన నంబర్ కొట్టి గానికి చూపెట్టు. కాల్ నొక్కకు, ఉత్తగ చూపెట్టు."

నేను ఒక్కో అంకె చెప్పాను. ఆయన కొట్టి, ఫోన్ తిప్పి వాడి ముఖం ముందు పెట్టాడు. కొంతసేపు మాకు పైకప్పు మాత్రమే కనిపించింది. సొరుగు లాగిన చప్పుడు, బల్ల మీద ఏదో విసిరిన చప్పుడు వినిపించాయి.

"పాస్‌పోర్ట్ తెరిచి చూడు! నీదేనా?" అంది ఆండాలు.

"నా ఫోటోనే ఉన్నది."

"ఉరుకు!"

ఆయన పరిగెత్తాడు. తెరలో ఆకాశం, రోడ్డు, చెప్పులు కలగలిసి ఊగిపోయాయి. కాసేపటికి రొప్పుతూ ముఖం కనిపించింది. వెనక బస్సు, దాని పక్కన సంచులతో మనవాళ్ళు. ఆండాలు బల్ల మీద తల ఆనించి గట్టిగా ఏడ్చేసింది.

"మీ మేలు మర్వనమ్మా" అన్నాడు నాతో. తర్వాత ఊపిరి కూడదీసుకుని నవ్వాడు. "అవునే ఆండాలూ, వాడు బాగు చేయించనియ్యడని నీకెట్ల ఎర్కనే?"

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా వైపు చూసింది. నాకెందుకో ఆ మనిషి నవ్వు పాడుచెయ్యాలనిపించలేదు.

"ఇన్నేళ్ళుగా షాపు నడుపుతున్నారు కదండీ, ఆ మాత్రం తెలీదా?" అన్నాను.

ఆండాలు నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మేడం నా ఇజ్జత్ కాపాడుతుంది. గది కాదయ్యా. నేను గదే చేస్తున్న. పెద్ద గుండిగ సొట్ట రెండేండ్ల కిందటిది. మన ట్రాలీల కెల్లి పడ్డది. దాన్నే అందరికి చూపిస్తున్న. గీ మేడంకు కూడా చూపించిన."

ఈశ్వరయ్య నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయి, మెల్లగా పోయింది. బస్సు హారన్ కొట్టింది.

"నువ్వు చెప్పినవని గా జనాన్ని నేను ఎన్ని మాటలన్ననే" అన్నాడు. "సామాను మంచిగ వాడరాదా అని ఇండ్లకు పోయి లొల్లి చేసిన." మళ్ళీ హారన్. "డబ్బాల ఇంకెందరి కార్డులున్నయ్?"

జవాబు వినకుండానే బస్సెక్కడానికి ఫోన్ పెట్టేశాడు.

ఆండాలు రేకు డబ్బా బోర్లించింది. మొదట నా కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చింది. నేను తీసుకున్నాను. బల్ల మీద ఇంకా మూడు కార్డులున్నాయి, ఒక్కోదానికి ఫోన్ నంబరు రాసిన చీటీ పిన్ను చేసి ఉంది.

"మీ ఫోన్‌ల కెల్లి చేస్తరా మేడం? ఆయన మళ్ళ చేస్తడేమో, నాది ఖాళీ ఉంచాలె."

మొదటిది సోమశేఖర్ అనే అతనిది. స్పీకర్ పెట్టి చేశాను.

"ఆండాలు గారి టెంట్ హౌస్ నుంచండీ. మీ ఆధార్ కార్డు వచ్చి తీసుకెళ్ళండి. డబ్బేమీ కట్టక్కర్లేదు."

అవతల టీవీ చప్పుడు ఆగిపోయింది.

"ఆండాలక్క పైసల్లేకుంట కార్డిస్తదా?" అన్నాడు. "ఎవర్నువ్వు? గిట్లాంటి ఫోన్లు మస్తు చూసిన. ఓటీపీ గిట్ల ఏం చెప్ప, పెట్టేయ్."

లైన్ కట్టయింది. ఆండాలు చాలాసేపు ఆ కార్డు మీది ఫోటోనే చూస్తూ కూర్చుంది.

"మళ్ళ కొట్టుండ్రి మేడం" అంది. "ఈసారి నేను మాట్లాడ్త."

మళ్ళీ చేశాను. అతను ఎత్తలేదు.