ఏప్రిల్ తలుపు దగ్గర పిలుపు

వెన్నలో మళ్ళీ రొట్టె పొడి, మాడిన నల్ల పొడి, ఇంతకాలం కాపురం చేసినా కత్తి తుడిచి ముంచడం ఈ మనిషికి రాలేదు అనుకుంది మార్లిస్, అనుకున్నది పైకే వచ్చేసింది, వెర్లిన్ పేపరు దించకుండానే వెన్న ఉన్నది తినడానికేగా, అద్దాల బీరువాలో పెట్టడానికా అన్నాడు, తినేవాళ్ళు నువ్వొక్కడివే కాదు ఈ ఇంట్లో అంది ఆమె, అయితే నీ వెన్న వేరు నా వెన్న వేరు పెట్టు, ముంగిట్లో ఎన్నికల బోర్డు కూడా చెరొకటి కట్టుకుందాం అన్నాడు, అదిగో, వెన్న దగ్గర మొదలైన మాట పశువుల కొట్టం గోడ దాకా పోయింది, ఆ గోడ మీద రోడ్డుకు కనిపించేలా మనిషెత్తు అక్షరాలతో తన జడ్జి పేరు రాయించాడు వెర్లిన్, మంగళవారం ఎన్నిక, రాష్ట్ర సుప్రీంకోర్టులో ఒక్క కుర్చీకి, ఆ కుర్చీ కోసం విస్కాన్సిన్ అంతా రెండుగా చీలినట్టుంది, టీవీలో వాతావరణం చెప్పేలోపు ప్రకటనల్లో ఇద్దరు జడ్జీలూ ఒకరినొకరు దొంగలకు చుట్టాలని తిట్టించుకుంటున్నారు, నిన్న రాత్రి దీపం ఆర్పాక వెర్లిన్ అడిగాడు, నువ్వెవరికి వేస్తున్నావు అని, పెళ్ళయ్యాక మొదటిసారి అడిగాడు, ఆమె నిద్రపోయినట్టు పడుకుంది, పొద్దున వెన్న మీద విరుచుకుపడింది.

బంగాళాదుంపల తొక్క తీస్తుంటే కిటికీలోంచి ఓట్లు పడే టౌన్ హాలు కనిపిస్తోంది, పొలం అవతల తెల్లటి చిన్న గది, చుట్టూ కరుగుతున్న మంచు, బురద, దాని తలుపు తాళాలు ఇకనుంచి నీ దగ్గర ఉంటాయా అని క్లర్కు బెర్నడీన్ శుక్రవారం అడిగింది, ఇన్నాళ్ళూ చూసుకున్న ఆర్విల్ మానేస్తున్నాడు మార్లిస్, పోలింగు నడిపించే పెద్ద ఒకరు కావాలి, ఆదివారం సాయంత్రంలోపు చెప్పు, వెర్లిన్‌కి చెబితే వద్దన్నాడు, పోయిన ఏప్రిల్‌లో ఆర్విల్ మొహం మీదే దొంగ లెక్క అని అరిచారు, చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్ళే అరిచారు, నిన్నంటే నేను ఊరుకుంటానా, ఊరుకోడు, అదే ఆమె భయం, అక్కడ ఆ మాట, ఇక్కడ ఈ గోడ, కూతురు అన్నికా అవతలి జడ్జి కోసం ఇల్లిల్లూ తిరుగుతోంది, ఈరోజు ఆదివారం, మధ్యాహ్నం భోజనానికి వస్తుంది, ఒప్పుకుంటే ఇద్దరికీ దూరమవుతుందేమో, ఒప్పుకోకపోతే, తొక్క చేతిలోనే తెగిపోయింది, ఒప్పుకోకపోతే పోలింగు తెరిచామని ఆ తలుపు దగ్గర కేకేసి పిలిచేదెవరు.

పిలుపు అనగానే అమ్మమ్మ గన్‌హిల్డ్ గొంతు, పిండి అంటిన చేతులు, ఆడవాళ్ళకు ఓటు వచ్చిన తరవాతి ఏప్రిల్, నడుస్తుంటే బూటు బురదలోనే ఉండిపోయిందిట, పాలు పితికి అలాగే ఓటుకు వెళ్ళింది, అప్పుడూ జడ్జి ఎన్నికే, ఆనాడు పోలింగు నడిపే పెద్దమనిషి పొయ్యి రాజేసే హడావిడిలో తలుపు తెరిచాడు గానీ పిలవడం మరిచిపోయాడు, అమ్మమ్మతో పాటే వచ్చిన ముసలి హాల్వర్ మెట్టు మీదే ఆగిపోయాడు, రావయ్యా తడుస్తావు అంటే, పిలవలేదుగా, పిలవంది ఎన్నిక ఎలా అవుతుంది అన్నాడు, గడ్డం మీద వడగళ్ళు కరుగుతున్నాయి, ఎవరున్నారు వినడానికి, మీ ఇద్దరేగా, లోపలికి రండి అని పెద్దమనిషి నవ్వాడు, హాల్వర్ వెనక్కి తిరిగి ఖాళీ పొలం చూపించాడు, మేం వచ్చాం, మాకెందుకు, రానివాళ్ళకు చెప్పు అన్నాడు, నవ్విన మనిషి టోపీ తీశాడు, మెట్టు దిగాడు, వినండి, వినండి, వినండి, ఈ ఊరి పోలింగు తెరిచాం అని మంచుకీ ఆవులకీ కంచెకీ కేక పెట్టాడు, ఆ కేక విన్నాకే నేనూ మెట్టెక్కానే పిల్లా అనేది అమ్మమ్మ.

ఆ కేక ఎక్కడిదాకా పోతుందో మార్లిస్‌కి చిన్నప్పుడు బడి పిల్లలతో రాజధాని మాడిసన్ వెళ్ళినప్పుడు సుప్రీంకోర్టు గదిలో తెలిసింది, చలువరాయి గోడలు, అంత ఎత్తున కుర్చీలు, దగ్గితే పైకప్పు నుంచి తిరిగొచ్చే శబ్దం, వీళ్ళు గవర్నర్‌ని కూడా కాదనగలరు అంది టీచరు, మరి వీళ్ళను అక్కడ కూర్చోబెట్టిందెవరు అని అడిగింది మార్లిస్, మీ అమ్మమ్మ అంది టీచరు, పిల్లలందరూ నవ్వారు, మార్లిస్ నవ్వలేదు, ఆ కుర్చీలకేసి చూస్తే బురదలో ఇరుక్కున్న బూటు కనిపించింది, రాష్ట్రం పుట్టినప్పటినుంచీ ఇంతే, కోర్టు కుర్చీలు జనం చేతిలోనే, పార్టీల వేడి తగలకుండా మిగతా ఎన్నికలుండే నవంబరు వదిలి ఏప్రిల్‌లో, పోనుపోను ఓటు చీటీ మీద పార్టీ పేరు లేకుండా మనిషి పేరే, ఏడాదికి ఒక్క కుర్చీకి మించి కాదు, ఎక్కినవాళ్ళకు పదేళ్ళు, ఎన్నో ఏప్రిల్‌లలో ఎవరికీ పట్టలేదు, పాలకీ పేడకీ మధ్య తీరిక దొరికినవాళ్ళు వచ్చి వేసి వెళ్ళారు, వాళ్ళు చీటీల మీద వేసిన గీతల మీదే ఆ చలువరాయి గది నిలబడింది, ఇప్పుడు దేశమంతా ఈ ఒక్క కుర్చీకేసి చూస్తోంది, అయినా మొదలయ్యేది ఆ తలుపు దగ్గరే, ఒక గొంతుతోనే, దుంపల నీళ్ళు పొంగి పొయ్యి మీద పడ్డాయి, చెయ్యి కాలింది, నొప్పి కాసేపటికి గానీ తెలియలేదు.

అన్నికా రానే వచ్చింది, బూట్లు గుమ్మంలో విడిచి, నాన్నా నీ గోడ బ్రహ్మాండంగా ఉంది, విమానంలోవాళ్ళు కూడా చదువుకోవచ్చు అంది, విమానంలోవాళ్ళకి చదువొచ్చులే, నీకే రాలేదు అన్నాడు వెర్లిన్, ఇద్దరూ నవ్వారు, నవ్వు ముగిశాక మాంసం, క్యారెట్లు, ఊరబెట్టిన బీట్‌రూటు ఒకరి చేతినుంచి ఒకరికి వెళ్ళాయి, కళ్ళు మాత్రం కలవలేదు, ఆఖరికి అన్నికా, అమ్మా నువ్వు మా వైపేగా, చెప్పు నాన్నకి అంది, మీ అమ్మ సంగతి నాకు తెలీదా, నా వైపే అన్నాడు వెర్లిన్, ఇద్దరూ తన మొహంలో తమ జడ్జి కోసం వెతుకుతున్నారు, ఎంత ఆశగా చూస్తున్నారో, అచ్చం ఒకేలా చూస్తున్నారు, ఆ నుదురు కూడా ఒకటే, మార్లిస్‌కి హాల్వర్ చెయ్యి కనిపించింది, ఖాళీ పొలం వైపు చాచిన చెయ్యి, ఆ పిలుపు వచ్చినవాళ్ళ కోసం కాదు, గోడ మీద పేరు రాసుకున్నవాడి కోసమూ కాదు, ఇల్లిల్లూ తిరిగినదాని కోసమూ కాదు, ఇంకా రాని ఎవరో ఒకరి కోసం, వాళ్ళెవరో తెలియకుండానే పిలవాలి, అందుకే పిలిచే గొంతుకు వైపు ఉండకూడదు, ఇంట్లో అలాంటి గొంతు ఒక్కటి ఉన్నా ఈ ఇద్దరూ ఈ బల్ల దగ్గరికి వస్తూనే ఉంటారు, ఎవరిది గెలిచినా, ఎవరిది ఓడినా.

బెర్నడీన్‌కి ఫోన్ చేస్తున్నాను అంది మార్లిస్, వెర్లిన్ నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపింది, మంగళవారం పొద్దున తలుపు దగ్గర పిలిచేది నేను, నన్నెవరేమన్నా నువ్వు మధ్యలోకి రాకూడదు, నేనెవరికి వేస్తానో మీ ఇద్దరిలో ఎవరికీ చెప్పను, ఆ వెన్న ఇటివ్వు, ముందు కత్తి తుడువు.